విశాఖ ఇసుకలో డిటెక్టరుతో ఐదేళ్ళు

బంగారు గని దొరుకుతుందన్న ఆశతో మెటల్ డిటెక్టరు కొనాలనుకుంటే ఆ డబ్బు దాచుకోండి. మన రాష్ట్రంలో రాతిలో బంగారం ఉన్న చోట్లు రామగిరి, జొన్నగిరి, చిగురుగుంట వైపు ఉన్నాయి. అక్కడ తవ్వాలంటే ప్రభుత్వం నుంచి లైసెన్సు కావాలి. విశాఖ తీరంలో నాకు దొరికిన బంగారమంతా ఎవరో పోగొట్టుకున్నదే: ఉంగరాలు, దిద్దులు, పుస్తెలు.

నా మొదటి మిషను ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచేది, చవకది. పొడి ఇసుకలో బాగానే పలికేది. ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీదికి దించితే మాత్రం కీచుమంటూ ఆగేది కాదు. ఉప్పునీటిలో కరెంటు పారుతుంది. దానికి తోడు మన ఇసుకలో నల్లగా చారలు కట్టే ఇల్మనైట్, మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజాలు ఉన్నాయి. భీమిలి వైపు ఆ చారలు మరీ ఎక్కువ. ఉప్పునీరూ, నల్ల ఇసుకా కలిసిన చోట ఏది నేలో, ఏది లోహమో ఆ మిషనుకు తెలిసేది కాదు.

ఐదేళ్ళుగా వాడుతున్నది మైన్‌ల్యాబ్ కంపెనీ డిటెక్టరు ఈక్వినాక్స్ 800. ఇది ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలతో పనిచేస్తుంది. బీచ్ 1 మోడ్ పెట్టి, చుట్టుపక్కల కరెంటు రొద తగ్గేలా నాయిస్ క్యాన్సల్ చేసి, కింద చక్రంలా ఉండే కాయిల్‌ని నేల మీద పైకీ కిందికీ ఆడిస్తూ, నేల పలుకుని మిషను పట్టించుకోకుండా గ్రౌండ్ బ్యాలెన్స్ చేసుకుంటే తడి ఇసుకలో కూడా స్థిమితంగా నడుస్తుంది. అలల్లోకి దిగితే బీచ్ 2. సెన్సిటివిటీ 25 వరకూ ఉన్నా నేను 18 దాటించను. నల్ల ఇసుకలో అంతకన్నా పెంచితే అరుపులు పెరుగుతాయి గానీ లోతు పెరగదు.

కింద ఉన్న లోహాన్ని బట్టి తెర మీద -9 నుంచి 40 వరకూ అంకెలు వస్తాయి. మైనస్ పడితే సాధారణంగా ఇనుము. వెండి మెట్టెలు పై అంకెల్లో తేటగా పలుకుతాయి. చిక్కంతా బంగారంతోనే. సన్నటి ఉంగరం, సిగరెట్ పెట్టెలోని రేకు, కూల్‌డ్రింక్ డబ్బా రింగు దాదాపు ఒకే వరసలో పడతాయి. మొదటి ఏడాది చిన్న అంకెలు వదిలేశాను, అది తప్పు. ఇప్పుడు ఇనుము కాని ప్రతిదీ తవ్వుతాను.

గొలుసులు ఇంకా కష్టం. ఏ మిషనైనా గొలుసుని ఒకే ముక్కగా చూడదు, లంకె లంకెగా చూస్తుంది. అందుకే రెండు తులాల గొలుసు కూడా చిన్న దిద్దులా సన్నగా పలకొచ్చు. కార్తీక పౌర్ణమి స్నానంలో ఒక పిన్నిగారి మెడలోంచి మంగళసూత్రం జారిపోయింది. "ఎక్కడ మునిగావు పిన్నీ?" అంటే ఆవిడ చెయ్యి చూపించిన మేర నలభై అడుగులుంది. నీళ్ళు వెనక్కి తీసినప్పుడల్లా అడ్డంగా, నిలువుగా వెతికాను. మూడో రోజు పొద్దున్న 12 పడింది. పలికినవి రెండు పుస్తెలు. వాటి వెంట గొలుసు బయటికొచ్చింది. గొలుసు ఒక్కటీ ఉన్న చోట కాయిల్ పెట్టి చూశాను, వినీ వినపడనట్టుంది. పిన్ని పుస్తెలు కళ్ళకద్దుకుని చాలాసేపు మాట్లాడలేకపోయింది. నాకు ఈ పనిలో అంతకన్నా కావలసింది లేదు.

అక్టోబరు, నవంబరు వాయుగుండాల తర్వాత అలలు ఇసుకని కోసుకుపోతాయి. బరువైనవన్నీ కింద గట్టి పొర మీద మిగులుతాయి. మర్నాడు తెల్లవారకుండానే వెళ్ళాలి. ఎక్కడ కోసిందో జోడుగుళ్ళపాలెం వైపు చేపల వేటకెళ్ళే తాతల్ని అడగండి, వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు.

చట్టం సంగతీ చూసుకోండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం, నేలలో దాగి ఉన్న నిధి దొరికి దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాతపూర్వకంగా తెలపాలి. తొట్లకొండ, బావికొండ లాంటి రక్షిత స్థలాలకీ, నేవీ పరిధిలోకీ మిషను తీసుకెళ్ళవద్దు.

బరువు 1.34 కిలోలే అయినా మూడు గంటలకి భుజం లాగుతుంది. ఇసుక జల్లించే స్టీలు స్కూపు కంచరపాలెంలో వెల్డింగ్ షాపులో చేయించుకున్నాను, ఇప్పటికీ వంగలేదు. ఇంటికి రాగానే మిషనుని మంచినీళ్ళతో కడిగి, కాయిల్ కింది మూత ఊడదీసి తుడవండి. అందులో చేరిన నల్ల ఇసుకే మర్నాడు లేని లోహాన్ని ఉన్నట్టు పలికిస్తుంది.