ఇరుగుపొరుగు దేశాలకు ఒకే సైన్యమా, సగం కలిసిన సైన్యాలా: ఏది మేలు?

ఇరుగుపొరుగు దేశాలు ఒకే సైన్యం పెట్టుకుంటే ఎలా ఉంటుందన్న మాట వస్తే చాలు, చర్చ జెండా మీదికో యూనిఫాం మీదికో పోతుంది. ముందు తేలాల్సినవి వేరే రెండు ఉన్నాయి. సైన్యాన్ని పంపమని సంతకం ఎవరు పెడతారు? ఖర్చు ఎవరి పద్దులో పడుతుంది? ఈ రెండు ప్రశ్నలకు యూరప్ గత డెబ్బై ఏళ్లలో రకరకాల జవాబులు వెతికింది. ఒక పద్ధతి పుట్టకముందే పోయింది. ఒకటి ఇప్పటికీ కుంటుతూనే ఉంది. ఒకటి మాత్రం పెద్దగా చప్పుడు లేకుండా ముప్పై ఏళ్లుగా చక్కగా నడుస్తోంది.

మొత్తం కలిపేయడం

1950 అక్టోబరులో ఫ్రాన్స్ ప్రధాని రెనే ప్లెవెన్ యూరప్ సైన్యం ప్రతిపాదన తెచ్చాడు. జర్మన్ సైనికులను విడి సైన్యంగా కాకుండా, వీలైనంత చిన్న దళాల స్థాయిలోనే ఇతరులతో కలిపేయాలని ఆయన ఆలోచన. లెక్కలు వేసేసరికి అది కుదరదని తేలింది. వెయ్యిమంది దళంలో రెండు భాషలుంటే వైర్‌లెస్‌లో చెప్పిన మాట అటువైపు అర్థం కావడానికే సమయం సరిపోదు, తిండీ తూటాలూ విడివిడిగా అందించాలి. అందుకే 1952 మే 27న పారిస్‌లో ఆరు దేశాలు సంతకాలు చేసిన ఒప్పందంలో కలయికను పైకి జరిపారు. సుమారు 13,000 మంది ఉండే డివిజన్ వరకు ఒకే దేశం వాళ్లు, ఆ పైన కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) స్థాయిలో కలయిక. యూనిఫాం ఒకటే, బడ్జెట్ ఒకటే.

పశ్చిమ జర్మనీ, బెల్జియం, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఒప్పుకున్నాయి. ప్రతిపాదన తెచ్చిన ఫ్రాన్స్‌లోనే 1954 ఆగస్టు 30న పార్లమెంటు 319–264 ఓట్లతో దాన్ని పక్కన పెట్టేసింది. యుద్ధం ముగిసి పదేళ్లు కూడా కాకముందే జర్మన్ల చేతికి మళ్లీ తుపాకులివ్వాలా అన్న బాధ ఒకటి. ఇండోచైనా నుంచి ఉత్తర ఆఫ్రికా దాకా సొంతంగా సైన్యాన్ని కదపాల్సిన దేశానికి ఆ సంతకం హక్కును మరొకరితో పంచుకోవడం మింగుడుపడకపోవడం మరొకటి. ఈ రెండోదే ఇప్పటికీ తెగని ముడి.

నిజంగా యాభై ఏళ్లు నడిచిన ఉమ్మడి సైన్యం కావాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. ఆస్ట్రియా, హంగరీలకు 1867 నుంచి 1918 వరకు ఒకే ఉమ్మడి సైన్యం ఉండేది. రెండు పార్లమెంట్లు, ఒకే చక్రవర్తి. ఖర్చు వాటా మొదట 70:30, పదేళ్లకోసారి మళ్లీ బేరం. భాష విషయంలో వాళ్లు చేసిన ఏర్పాటు మెచ్చుకోదగ్గది. ఆజ్ఞల కోసం సుమారు 80 జర్మన్ మాటలు అందరూ నేర్చుకోవాలి. తెలుగు కుర్రాడు మన ఆర్మీలో చేరగానే ‘సావధాన్’, ‘విశ్రామ్’ నేర్చుకున్నట్టే. అక్కడితో ఆగలేదు. ఒక రెజిమెంటులో నూటికి ఇరవై మంది ఏ భాష మాట్లాడితే ఆ భాషను అధికారులే నేర్చుకోవాలి. అధికారి సైనికుడి భాషలోకి దిగిరావాలన్న నియమం అది. 1914లో మొదటి కొన్ని నెలల్లోనే ఆ అధికారులు పెద్ద సంఖ్యలో చనిపోయారు. వాళ్ల స్థానంలో వచ్చిన రిజర్వు అధికారులకు సైనికుల భాషలు రాలేదు. ఏళ్ల తరబడి అల్లిన నేత ఒక్క సీజన్‌లో విడిపోయింది. ఉమ్మడి సైన్యాన్ని పట్టి ఉంచేది ఆ శిక్షణ పొందిన మనుషులే. వాళ్లు పోతే కాగితం మీద ఒప్పందం ఎంత బాగున్నా లాభం లేదు.

కలగలుపు దళం

రెండో దారి ఫ్రాంకో-జర్మన్ బ్రిగేడ్. 1989లో మొదలైంది, ప్రధాన కార్యాలయం జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో, కమాండర్ పదవి వంతుల వారీగా. 2010 నుంచి ఒక జర్మన్ బెటాలియన్ స్ట్రాస్‌బర్గ్ పక్కన ఫ్రెంచి నేల మీదే ఉంది. ఒకప్పుడు ఒకరినొకరు చంపుకున్న దేశాలకు ఇది చిన్న సంగతి కాదు.

యుద్ధానికి పనికొచ్చే దళంగా చూస్తే మాత్రం ఇబ్బంది తూటా దగ్గరే మొదలవుతుంది. తొలి రోజుల్లో జర్మన్ల చేతిలో 7.62 మి.మీ. జీ3 రైఫిల్, ఫ్రెంచివాళ్ల చేతిలో 5.56 మి.మీ. ఫామాస్. తర్వాత జర్మన్లు కూడా 5.56 జీ36కి మారారు. సైజు కలిసింది, తూటా కలవలేదు. జీ36 బారెల్ లోపల తూటాను తిప్పే గాడి 7 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది, పాత ఫామాస్‌లో 12 అంగుళాలకు ఒక చుట్టు. నాటో ప్రామాణిక తూటా పొడవు ఎక్కువ కాబట్టి దానికి వేగంగా తిరిగే గాడి కావాలి. ఫామాస్ నుంచి కాలిస్తే అది గాలిలో కుదురుగా పోదు. పైగా ఫామాస్ ఉక్కు తొడుగు తూటా కోసం చేసిన తుపాకి, ఇత్తడి తొడుగైతే బయటికి లాగేటప్పుడు చిరిగి ఇరుక్కునే ప్రమాదం ఉంది. ఫ్రాన్స్ 2017 నుంచి జర్మన్ తయారీ హెచ్‌కే416 తీసుకోవడం మొదలుపెట్టాకే ఈ చిక్కు విడింది.

తుపాకి మార్చవచ్చు, చట్టం మార్చడం కష్టం. ఫ్రెంచి అధ్యక్షుడు ఆదేశిస్తే దళం బయల్దేరుతుంది. జర్మన్ సైనికుడు సాయుధ విధుల మీద దేశం దాటాలంటే పార్లమెంటు అనుమతి కావాలని 1994లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. ఫలితం 2018లో ఆఫ్రికాలోని మాలీలో కనిపించింది. ఒకే బ్రిగేడ్ వాళ్లు ఒకే దేశానికి వెళ్లారు. ఫ్రెంచివాళ్లు తమ బర్ఖాన్ సైనిక చర్యలో, జర్మన్లు ఐక్యరాజ్యసమితి, యూరోపియన్ యూనియన్ మిషన్లలో పనిచేశారు. మామూలు రోజుల్లో కూడా తేడాలున్నాయి. జర్మన్ సైనికులకు 2016 నుంచి బ్యారక్ డ్యూటీలో వారానికి 41 గంటల నియమం ఉంది, ఫ్రెంచివాళ్లకు అలాంటిది లేదు. శిక్షణ టైంటేబుల్ వేసే అధికారికి ఇది రోజూ తలనొప్పే.

యూరోపియన్ యూనియన్ యుద్ధ బృందాలదీ ఇదే కథ. ఒక్కోటి సుమారు 1,500 మంది, మొదట్లో ఆరు నెలల చొప్పున వంతులు, 2007 నుంచి సిద్ధం. ఒక్కసారి కూడా రంగంలోకి దించలేదు. వంతులో ఉన్న దేశమే ఖర్చులో ఎక్కువ భాగం భరించాలి కాబట్టి, అవసరం వచ్చిన రోజున ఆ దేశం వెనకడుగు వేస్తుంది.

పని పంచుకోవడం

నా లెక్కలో అన్నిటికన్నా మేలైనది బెల్జియం, నెదర్లాండ్స్ నౌకాదళాల పద్ధతి. 1996 నుంచి రెండింటికీ నెదర్లాండ్స్‌లోని డెన్ హెల్డర్‌లో ఒకే కార్యాచరణ కమాండ్ ఉంది. అధిపతి డచ్ (నెదర్లాండ్స్) అడ్మిరల్, ఉప అధిపతి బెల్జియన్. ఓడలు ఎవరివి వాళ్లవే, జెండాలు ఎవరివి వాళ్లవే, ఎక్కడికి పంపాలో ఎవరి ప్రభుత్వం వాళ్లది. కలిపింది శిక్షణ, మరమ్మతు, విడిభాగాలు. సముద్రపు మైన్లను (నీటి మందుపాతరలను) వెతికి తీసే ఓడల పనిని బెల్జియం చూస్తుంది, ఫ్రిగేట్లనే యుద్ధనౌకల పనిని నెదర్లాండ్స్ చూస్తుంది.

కిటుకు ఓడల రకంలో ఉంది. బెల్జియం కొన్న రెండు ఫ్రిగేట్లు డచ్ నౌకాదళం వాడినవే, కాబట్టి ఒకే వర్క్‌షాపు, ఒకే విడిభాగాల గోదాము, ఒకే శిక్షణ సరిపోయాయి. కొత్తవాటికీ అదే దారి. 2019లో కుదిరిన ఒప్పందంతో చెరి ఆరు చొప్పున 12 మైన్ ఓడలు, కొనుగోలు బాధ్యత బెల్జియంది. కొత్త ఫ్రిగేట్ల కొనుగోలు బాధ్యత నెదర్లాండ్స్‌ది. డిజైన్‌లో ఒకరు ‘మాకు ఈ మార్పు కావాలి’ అన్నారా, విడిభాగాలు విడిపోతాయి, ఖర్చులో ఆదా అక్కడే పోతుంది.

ఆకాశం కాపలా కూడా చూడండి. 2017 జనవరి 1 నుంచి ఈ రెండు దేశాలు వంతుల వారీగా లక్సెంబర్గ్‌తో సహా మూడు దేశాల గగనతలాన్ని చూస్తున్నాయి. హైజాక్ అయిన ప్రయాణికుల విమానాన్ని కూల్చాల్సి వస్తే? పైలట్ ఏ దేశం వాడన్నది కాదు, విమానం ఎవరి నేల మీద ఎగురుతోందన్నదే లెక్క. బెల్జియన్ పైలట్ డచ్ గగనతలంలో ఉంటే నిర్ణయం డచ్ న్యాయ మంత్రిది. సరిహద్దు దాటితే బెల్జియం రక్షణ మంత్రిది. ఆ ఒక్క వాక్యం ముందే రాసుకున్నారు కాబట్టే మిగతాదంతా సాఫీగా సాగుతోంది.

కొత్తగా మొదలుపెట్టే పొరుగు దేశాలకు ఈ వరుసే మంచిది. ముందు మెకానిక్కులకు ఉమ్మడి బడి. తర్వాత ఒకే మోడల్ కొనుగోలు. ఆపైన గస్తీ వంతులు. కాల్చే అధికారం ఎవరిదో, విడిపోవాలంటే ఎన్నేళ్ల ముందు చెప్పాలో రాతలో పెట్టాకే ఉమ్మడి కమాండ్.

ఇంకో హెచ్చరిక కూడా ఉంది. నెదర్లాండ్స్ 2011లో డబ్బు మిగుల్చుకోవడానికి తన ట్యాంకులన్నీ వదిలేయాలని నిర్ణయించి, 2014లో వంద లెపర్డ్‌లను ఫిన్లాండ్‌కు అమ్మేసింది. పొరుగువాడి దగ్గర ఉన్నాయి కదా అన్న ధీమా అది. తన బ్రిగేడ్‌లు మూడింటినీ ఒక్కొక్కటిగా 2014, 2016, 2023లలో జర్మన్ డివిజన్లకు జతచేసింది. కానీ ట్యాంకు నడిపే విద్య పుస్తకంలో ఉండదు. అది పోకుండా కాపాడింది లోహైడ్‌లోని 414వ జర్మన్ ట్యాంకు బెటాలియన్‌లో ఉన్న డచ్ కంపెనీ, దానికిచ్చిన 18 ట్యాంకులు. 2025 మేలో నెదర్లాండ్స్ మళ్లీ 46 లెపర్డ్ 2ఏ8 ట్యాంకులకు ఒప్పందం చేసుకుంది. వాటిని నడపడం నేర్పగల డచ్ చేతులు మిగిలి ఉన్నది ఆ పొరుగింటి బ్యారక్‌లోనే.