మల్టీమార్బిడిటీ మీద పీహెచ్‌డీ ఫెలోషిప్: శ్రీకాకుళం జిల్లాలో చివరిదాకా వాడాక

డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులు పీహెచ్‌డీ ఫెలోషిప్ గురించి మొట్టమొదట అడిగేది నెలకి ఎంత వస్తుందని. ఒకే మనిషికి షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు, మోకాళ్ళ నొప్పులు కలిసి ఉంటే, అంటే మల్టీమార్బిడిటీ ఉంటే, ఏమవుతుందన్నది మీ పరిశోధన అయితే, అంతకంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. ఒకసారి పరీక్ష చేసిన మనిషి ఇంటికి మూడు నెలల తర్వాత మళ్ళీ వెళ్ళడానికి ఈ ఫెలోషిప్ డబ్బిస్తుందా? కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఊళ్ళలో ఫీల్డ్ పని చేసి, థీసిస్ ఇచ్చేదాకా ఫెలోషిప్ మీదే నడిచిన అనుభవంతో చెప్తున్నాను. మిగతా మంచిచెడ్డలన్నీ ఆ ఒక్క పద్దు తర్వాతే.

కారణం జబ్బుల నిర్వచనాల్లోనే ఉంది. ఈజీఎఫ్‌ఆర్ (నెత్తుట్లో క్రియాటినిన్ అనే వ్యర్థాన్ని బట్టి కిడ్నీ ఎంత వడకడుతుందో చెప్పే అంకె) 60 కన్నా తక్కువ ఉండడమో, మూత్రంలో ఆల్బుమిన్ క్రియాటినిన్ నిష్పత్తి గ్రాముకి 30 మిల్లీగ్రాములు, ఆపైన ఉండడమో మూడు నెలలకి మించి కొనసాగితేనే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఒక్క రోజు ఫలితంతో అనకూడదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఎండలో కొబ్బరి, జీడితోటల్లో పనిచేసి వచ్చిన మనిషికి ఒంట్లో నీరు తగ్గి ఆ రోజుకి క్రియాటినిన్ పెరగొచ్చు. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షను, నెలసరి, ముందు రోజు చేసిన బరువు పని ఆల్బుమిన్‌ని పెంచుతాయి. బీపీ అయినా ఒక్క పూట కొలతతో తేలదు. రెండోసారి వెళ్ళకపోతే జబ్బుల లెక్క పెరిగిపోతుంది, ఒక మనిషికి లేని జబ్బు ఇంకో జబ్బుతో జతపడిపోతుంది. ఒక్క జబ్బు మీద పనిచేసేవాళ్ళకి ఇది కొద్దిపాటి తేడా. మనకి జతలే ఫలితం కాబట్టి థీసిస్ మొత్తం వంకరపోతుంది.

ఇక డబ్బు. 2023 జనవరి 1 నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోకి (జేఆర్‌ఎఫ్) నెలకి 37,000, సీనియర్‌కి (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండి చదువుకోవడానికి సరిపోతుంది. ఎండీ చేసిన డాక్టరుకి జీతం బాగా తగ్గినట్టే, స్టాఫ్ నర్సుకి అంత తేడా ఉండకపోవచ్చు. అసలు ఇబ్బంది కంటింజెన్సీ, అంటే పరిశోధన చిల్లర ఖర్చుల పద్దు దగ్గర. ఇలాంటి ఫెలోషిప్‌లలో అది ఏడాదికి 20,000 స్థాయిలో ఉంటుంది. ల్యాబ్‌లో ఒక ఎలుక మీదో, ఒక ఎంజైమ్ మీదో పనిచేసే విద్యార్థికి గైడ్ ప్రాజెక్టు నుంచి రసాయనాలు వస్తాయి, ఆ మొత్తం చాలు. ఊళ్ళు తిరిగి నెత్తురు తీసేవాళ్ళకి జీపు డీజిలుకే చాలదు. కాబట్టి స్టైపెండ్ ఒక్కటే ఇచ్చే ఫెలోషిప్ అయితే, మీ గైడ్ దగ్గర నడుస్తున్న ప్రాజెక్టు ఉందో లేదో, అందులో పరీక్షల పద్దు ఎంత మిగిలిందో చేరక ముందే కనుక్కోవాలి. జీతం, పరిశోధన ఖర్చు విడివిడిగా ఇచ్చే రకం దొరికితే అదే తీసుకోండి. హైదరాబాదు కేంద్రంగా పరిశోధనలకి నిధులిచ్చే ఇండియా అలయన్స్‌ది ఆ పద్ధతే. పోటీ గట్టిగా ఉంటుంది.

డబ్బు విడుదల విషయంలో ఒక్క మాట. మార్చి 31తో ఏడాది ముగియగానే వినియోగ ధ్రువపత్రం, వార్షిక నివేదిక పంపాలి. అకౌంట్స్ సెక్షన్‌లో ఆ ఫైలు నిలిచిందంటే తర్వాతి విడత కూడా నిలుస్తుంది. మూడు నాలుగు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకుని దిగడం మంచిది.

ప్రపోజల్‌లో ఎంతమంది కావాలో వేసే దగ్గర చాలామంది తక్కువ వేస్తారు. లెక్క ఇలా చూడండి. సూత్రం ప్రకారం 600 మంది కావాలని తేలిందనుకుందాం. ఊరికి 30 మంది చొప్పున తీసుకుంటే ఒకే ఊరివాళ్ళు ఒకే నీళ్ళు తాగుతారు, ఒకే పని చేస్తారు, కాబట్టి ఒకరికొకరు దగ్గరగా ఉంటారు. ఆ దగ్గరితనం 0.02 అనుకుంటే, మనుషుల సంఖ్య ఎన్ని రెట్లు పెంచాలో చెప్పే డిజైన్ ఎఫెక్ట్ 1 + 29 × 0.02, అంటే 1.58. 600 కాస్తా 948 అవుతుంది. రెండోసారి వెళ్ళినప్పుడు నూటికి 15 మంది దొరకరనుకుంటే 1,116 మంది. దీన్ని 600 దగ్గరే ఆపి బడ్జెట్ వేస్తే మూడో ఏడాదికి విశ్లేషణ చెయ్యడానికి సరిపడా మనుషులే మిగలరు.

15 శాతం కూడా ఊరికే రాదు, తేదీలు చూసి వెళ్తేనే వస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి ఇక్కడే వేటకి వెళ్ళే మత్స్యకారులు ఆ రోజుల్లో ఇళ్ళ దగ్గర ఉంటారు. గుజరాత్‌లో వెరావల్ పడవల మీదికో, హైదరాబాదు కట్టడం పనులకో వలస వెళ్ళినవాళ్ళని పట్టుకోవాలంటే సంక్రాంతి వారం మంచిది. తోటపనివాళ్ళయితే ఉదయం ఆరు లోపు, లేదా రాత్రి ఏడు దాటాక. అక్టోబరు, నవంబరు నెలల్లో ఫీల్డ్ పని పెట్టుకుంటే తుఫానుకి చోటు వదలండి. 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరంలోనే దిగింది. అలాంటిది వస్తే తోటలు కోల్పోయిన ఇళ్ళకి నెలల తరబడి ప్రశ్నావళి పట్టుకుని వెళ్ళలేం, వెళ్ళకూడదు కూడా.

పరీక్షల దగ్గరికొస్తే, ఫెలోషిప్ శిక్షణలో నేర్పనిది ఒకటుంది. ఒక జబ్బు ఇంకో జబ్బు కొలతని పాడుచేస్తుంది. పాత, చవక జాఫే పద్ధతిలో క్రియాటినిన్ చూస్తే నెత్తుట్లో ఎక్కువగా ఉన్న గ్లూకోజు, కీటోన్లు అంకెని తప్పుదారి పట్టిస్తాయి, షుగరు ఉన్నవాళ్ళకి లేని కిడ్నీ జబ్బు అంటగట్టే ప్రమాదం ఉంది. ఎంజైమాటిక్ పద్ధతి, ఐడీఎంఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణానికి కట్టిన యంత్రం ఉన్న ల్యాబ్‌నే ఎంచుకోవాలి, ఖర్చెక్కువైనా సరే. ఇంకోవైపు, కండ తక్కువ ఉన్న బక్కపల్చని కూలీలకి క్రియాటినిన్ తక్కువ వస్తుంది, ఈజీఎఫ్‌ఆర్ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. అందరికీ కాకపోయినా కొందరికి కండతో అంతగా మారని ఇంకో కిడ్నీ పరీక్ష, సిస్టాటిన్ సి, చేయించే డబ్బు పెట్టుకుంటే ఈ తేడా ఎంతో చెప్పగలం. రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ సంగతి మరీ జాగ్రత్త. కిడ్నీ జబ్బుతో వచ్చే రక్తహీనతలో అది తక్కువ చూపించొచ్చు, ఐరన్ లోపంలో ఎక్కువ చూపించొచ్చు, సికిల్ సెల్ లక్షణం ఉన్న ఏజెన్సీ కుటుంబాల్లో కొన్ని యంత్రాలు పూర్తిగా తప్పు చెప్తాయి. పరగడుపు గ్లూకోజు కూడా తీసుకోండి, దానికి గీత డెసిలీటరుకి 126 మిల్లీగ్రాములు.

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు పైనే. నెత్తురు ట్యూబుని అలాగే డబ్బాలో పడేసి సాయంత్రం ల్యాబ్‌కి ఇస్తే కణాలు పగిలి పొటాషియం పనికిరాకుండా పోతుంది. చిన్న సెంట్రిఫ్యూజ్ ఫీల్డ్‌కి తీసుకెళ్ళి, గడ్డ కట్టాక రెండు గంటల లోపు సీరం వేరుచేసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. కరెంటు కోసం పీహెచ్‌సీతోనో విలేజ్ హెల్త్ క్లినిక్‌తోనో ముందే మాట్లాడుకోవాలి. ఐస్‌ప్యాక్ ట్యూబుకి నేరుగా తగలకూడదు, మధ్యలో గుడ్డో అట్టో ఉండాలి. బీపీకి 22 నుంచి 32 సెంటీమీటర్ల పట్టీ ఒక్కటే ఉంటే చాలదు. సన్నటి చేతుల ఆడవాళ్ళకి పెద్ద పట్టీ కడితే అంకె తక్కువ పడుతుంది. టేపుతో చెయ్యి కొలిచి చిన్న పట్టీ కట్టండి. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మూడుసార్లు చూసి, చివరి రెండింటి సగటు రాయాలి.

ఇంత కొలవాల్సిన పని ఎందుకు వస్తుందంటే, ఇక్కడ రికార్డు లేదు. 2012లో లాన్సెట్‌లో వచ్చిన స్కాట్లండ్ అధ్యయనం 314 క్లినిక్‌లలోని 17 లక్షల 50 వేల మంది రికార్డుల మీద, 40 జబ్బులతో జరిగింది. బాగా పేద ప్రాంతాల్లో మల్టీమార్బిడిటీ 10 నుంచి 15 ఏళ్ళు ముందే వస్తుందని అందులో తేలింది. మనకి 14 అంకెల ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) నంబరు వచ్చింది గానీ ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షను, పక్క ఊరి మెడికల్ షాపులో కొన్న మాత్ర దాంట్లో ఎక్కడా ఉండవు. ఒడిశాలో ప్రాథమిక వైద్యానికి తయారుచేసిన ఎంఏక్యూ-పీసీ అనే మల్టీమార్బిడిటీ ప్రశ్నావళి మన నేలకి బాగా సరిపోతుంది, కొత్తది రాయడానికి ఏడాది వృథా చెయ్యక్కర్లేదు. జబ్బుల జాబితాకి, నిపుణుల ఏకాభిప్రాయం కూడగట్టిన 2022 డెల్ఫీ అధ్యయనం పనికొస్తుంది. అందులో తప్పక ఉండాల్సినవి 24, చాలావరకు ఉండాల్సినవి 35.

అయితే ప్రశ్న అడిగే తీరు మార్చాలి. "మీకు బీపీ ఉందా?" అంటే వచ్చే జవాబు, "ఇప్పుడు నేదమ్మా, మాత్తర్లేసుకున్నాక తగ్గిపోనాది." ఆ మనిషిని బీపీ లేనట్టు రాసుకుంటే మందు వాడుతున్నవాళ్ళందరూ ఆరోగ్యవంతులైపోతారు. "ఎప్పుడైనా ఉందన్నారా? రోజూ ఏ మాత్రలు వేసుకుంటున్నారు?" అని అడగాలి. కిడ్నీ దగ్గర ఇది తిరగబడుతుంది. పింఛను వస్తుందేమోనన్న ఆశతో కొందరు ఉందంటారు, పిల్లల సంబంధాలు చెడతాయని ఇంకొందరు దాస్తారు. రెండూ అర్థం చేసుకోదగ్గవే, అందుకే నోటి మాట మీద ఆధారపడకూడదు. డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో నీరసం, నిద్ర, ఆకలి ప్రశ్నలు కిడ్నీ రోగులకి డిప్రెషన్ లేకపోయినా మార్కులు వేస్తాయి. 10, ఆపైన వచ్చిన ప్రతి ఒక్కరితో మాట్లాడి నిర్ధారించే మనిషికి డబ్బు పెట్టండి. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి అవునంటే ఆ ఇంటి నుంచి కదలకముందే ఏం చెయ్యాలో రాసి ఉండాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నంబరు టీమ్‌లో అందరికీ తెలిసి ఉండాలి.

నా దృష్టిలో ఈ పరిశోధనలో అన్నిటికంటే విలువైన డేటా మందుల సంచి. మంచం మీద గుమ్మరించి చూడండి. బీపీకి టెల్మిసార్టన్ 40, పీహెచ్‌సీలో ఇచ్చిన ఆమ్లోడిపిన్ 5, ప్రైవేటులో వేరే కంపెనీ పేరుతో రాసిన ఆమ్లోడిపిన్ 5, షుగరుకి మెట్‌ఫార్మిన్, ఎసిక్లోఫెనాక్ కలిసిన నొప్పి మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే ఫ్యూరోసెమైడ్. రెండు ఆమ్లోడిపిన్‌లూ ఒకటేనని ఇంట్లో ఎవరికీ తెలియదు. 10 మిల్లీగ్రాములయ్యేసరికి కాళ్ళు వాచాయి. ఈ ప్రాంతంలో కాళ్ళు వాచాయంటే ఇంటిల్లిపాదికీ కిడ్నీ భయం. వాపు తగ్గడానికి ఫ్యూరోసెమైడ్ వచ్చి చేరింది. టెల్మిసార్టన్, ఫ్యూరోసెమైడ్, నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీ నిజంగానే దెబ్బతినొచ్చు. ఈజీఎఫ్‌ఆర్ 30 లోపుకి దిగితే మెట్‌ఫార్మిన్ కూడా ఆపాల్సిందే. ఒక్కో స్ట్రిప్‌కి మందు అసలు పేరు, మోతాదు, ఎవరిచ్చారు, చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు, గడువు తేదీ రాయాలి. సంచికి పావుగంట పడుతుంది. టీమ్‌లో ఒక ఫార్మసిస్టు ఉంటే ఈ పని నాణ్యతే మారిపోతుంది. ఫార్మసిస్టులు ఈ ఫెలోషిప్‌లకి ఎక్కువగా దరఖాస్తు చెయ్యాలని గట్టిగా కోరుకుంటున్నాను.

అనుమతుల్లో ఎక్కువ సమయం తినేది జిల్లాల సరిహద్దు. 2011 జనాభా లెక్కల ఊళ్ళ జాబితాలో రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస శ్రీకాకుళంలో ఉంటాయి, 2022 ఏప్రిల్ నుంచి అవి విజయనగరంలో ఉన్నాయి. పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యానికి వెళ్ళాయి. పాత జాబితాతో ఊళ్ళు ఎంచుకుంటే మూడు జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌ఓ) ఆఫీసుల నుంచి ఉత్తరాలు కావాలి. అంగీకార పత్రం ఇచ్ఛాపురం వైపు ఒడియాలో కూడా, సీతంపేట వైపు సవర మాట్లాడే మనిషి చదివి వినిపించేలా ఉండాలి. విదేశీ భాగస్వామి, విదేశీ నిధి ఉంటే ఎథిక్స్ కమిటీతో పాటు కేంద్ర ఆరోగ్యశాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి కాబట్టి మొదటి ఏడాదిలోనే ఫైలు కదపండి.

సమయం గురించి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరు, కోర్సువర్కు కనీసం 12 క్రెడిట్లు. ఆడవాళ్ళకి రెండేళ్ళ సడలింపు, 240 రోజుల వరకు ప్రసూతి సెలవు ఉన్నాయి. పార్ట్‌టైమ్ కూడా కుదురుతుంది, ఉద్యోగమిచ్చిన సంస్థ ఎన్‌ఓసీ ఉంటే. కాగితం మీద బాగానే ఉంది. జరిగేదేమిటంటే, డెంగీ సీజన్‌లో వార్డుకి రమ్మంటారు, ఒక నెల కాస్తా మూడవుతుంది. వారానికి ఏ రోజులు పరిశోధనకి, ఆ రోజుల్లో డ్యూటీ ఎవరు చేస్తారు అన్నది విభాగాధిపతి సంతకంతో రాయించుకోండి. నోటి మాట బదిలీలతో పోతుంది.

బ్రిటన్ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌ఆర్ డాక్టోరల్ ఫెలోషిప్‌లో జీతం, ఫీజు, పరిశోధన ఖర్చు మూడూ వస్తాయి. స్కాట్లండ్‌లో అయిదు విశ్వవిద్యాలయాలు కలిసి, వెల్‌కమ్ ట్రస్టు నిధితో, వైద్యవృత్తివాళ్ళకే మల్టీమార్బిడిటీ పీహెచ్‌డీ కార్యక్రమం పెట్టాయి. అక్కడికి వెళ్ళే అవకాశం వస్తే పద్ధతులు బాగా పట్టుబడతాయి. ఉద్దానం ప్రశ్నకి జవాబు మాత్రం ఈ ఊళ్ళలో తిరిగితేనే దొరుకుతుంది.

చేరొచ్చా అంటే, రెండోసారి వెళ్ళే ఖర్చు రాతపూర్వకంగా ఉంటే సందేహించకుండా చేరండి. లేకపోతే ఊళ్ళ సంఖ్య సగానికి తగ్గించి, ఆ సగంలో రెండుసార్లు వెళ్ళేలా ప్రపోజల్ మార్చి అప్పుడు చేరండి. బడ్జెట్‌లో ఇంకో పద్దు కూడా ఉండాలి, ఫలితాల చీటీ. ప్రతి మనిషికీ తన అంకెలు, ఉండాల్సిన అంకెలు, ఎక్కడికి వెళ్ళాలో తెలుగులో పెద్ద అక్షరాలతో ముద్రించి ఇవ్వాలి. కిడ్నీ అనుమానం ఉన్నవాళ్ళకి పలాసలో 2023 డిసెంబరులో మొదలైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి దగ్గరలో ఉంది. పొటాషియం 6 దాటినా, బీపీ 180/120 దాటినా చీటీ కోసం ఆగకుండా ఆ రోజే ఫోను చెయ్యాలి, ఏఎన్ఎమ్‌కి కూడా చెప్పాలి. ఆ ఫోన్లు చేసే మనిషి జీతం కూడా ప్రపోజల్‌లోనే రాయండి.