పదేళ్లుగా మా వసారా వాసాలు లెక్కపెడుతున్నాను

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. ఇవి మా ఇంటివే కాబట్టి లెక్కపెట్టాను. మొత్తం ఎనిమిది. ఆరు ఇప్పటికీ వంగకుండా తిన్నగా ఉన్నాయి, రెండు మార్చాల్సొచ్చింది. ఆ రెండూ నా పిసినారితనానికి గుర్తులు.

మాది విశాఖ శివారు, పెందుర్తి వైపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఇంటి ముందున్న పాత రేకుల పంచ వాసాలతో సహా లేచిపోయి పక్కవాళ్ల కొబ్బరిచెట్టు మొదట్లో పడింది. మరుసటి ఏడాది వేసవిలో కొత్తది వేయించాను. 16 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, పైన రంగు రేకులు. ముందు మూడు స్తంభాల మీద 3×6 అంగుళాల దూలం, గోడ నుంచి దూలం దాకా రెండుంపావు అడుగులకొకటి చొప్పున 2×5 వాసాలు. అంతా సాల్ కర్ర.

"ఇంత పల్చటి రేకుకి 2×3 వాసం చాలు బాబూ" అన్నాడు మేస్త్రి. రేకు బరువు మాత్రమే చూస్తే ఆయన మాట నిజమే, చదరపు మీటరుకు ఐదు కేజీలు కూడా ఉండదు. కానీ రేపు స్క్రూ బిగించడానికి మనిషి ఎక్కుతాడు, కొబ్బరిమట్ట పడుతుంది. అందుకే మనుషులు తిరగని కప్పుకి కూడా మన దేశపు కట్టడాల ప్రమాణాల్లో చదరపు మీటరుకు 75 కేజీలు లెక్కకడతారు.

నాకు బాగా పనికొచ్చిన సంగతి ఒకటుంది. కర్ర లావు రెట్టింపైతే బిగువు, అంటే బరువుకి వంగకుండా నిలిచే గుణం, రెట్టింపే అవుతుంది, ఎత్తు రెట్టింపైతే ఎనిమిదింతలవుతుంది. 2×4 వాసానికి పక్కన అంగుళం కలిపితే దక్కేది ఒకటిన్నర రెట్లు. అదే అంగుళం ఎత్తులో కలిపితే దాదాపు రెండు రెట్లు. అందుకే వాసాన్ని ఎప్పుడూ నిలువుగానే పెట్టాలి. మా వీధిలోనే ఒకాయన 2×4ని పడుకోబెట్టి వేయించాడు. కొన్న బిగువులో ముప్పావు వంతు వదిలేసుకున్నాడు పాపం.

ఇక నా తప్పు. వంటింటి వైపు చివరి రెండు వాసాలకి పాత పంచలో మిగిలిన 2×3లు వాడేశాను. 2×5తో పోలిస్తే వాటి బిగువు నాలుగో వంతు కూడా లేదు. రెండో వానాకాలానికి అవి అరంగుళం కుంగాయి, పక్కది కదల్లేదు. దాంతో రేకుల అతుకు నోరు తెరిచి సరిగ్గా గ్యాస్ పొయ్యి గూట్లోకి చుక్కలు పడ్డాయి. మిగుల్చుకున్న డబ్బుకి రెట్టింపు కూలికే పోయింది.

మధ్య స్తంభం తీసేస్తే బండి పెట్టుకోవచ్చని ఇంట్లో గొడవ. లెక్క చూసి వద్దన్నాను. అదే దూలం 8 అడుగుల బదులు 16 అడుగులు దాటాలంటే, అడుగుకి పడే బరువు మారకపోయినా, వంగడం పదహారు రెట్లవుతుంది. బండి ఇప్పటికీ ఎండలోనే.

తేలిక కప్పుకి అసలు శత్రువు బరువు కాదు, గాలి. విశాఖకి ప్రమాణాలు చెప్పే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కేజీలు. అందులో సగమే పైకి లేపుతుందనుకున్నా మా కప్పు మీద టన్ను దాటుతుంది. కప్పంతా కలిపి తూచినా మూడొందల కేజీలు ఉంటుందేమో! అందుకని ప్రతి వాసాన్నీ దూలానికి ఇనప పట్టీతో చుట్టి బోల్టు వేయించాను, స్తంభాల్ని కాంక్రీటు దిమ్మెల్లోంచి వచ్చిన ఇనప పలకలకి బిగించాను. ఉత్త మేకులతో కొట్టిన పాత పంచ ఎందుకు ఎగిరిందో అప్పుడర్థమైంది. స్తంభం నేలకి తగలదు కాబట్టి చెదలు కూడా ఇంతవరకు రాలేదు.

కర్ర కొనేటప్పుడు టేపు వెంట ఉండాలి. అడితిలో ఐదంగుళాలని డబ్బు తీసుకున్నవి ఇంటికొచ్చి కొలిస్తే నాలుగుముప్పావే. ఆ పావు అంగుళంతో బిగువులో ఏడో వంతు పోతుంది. గొడవపడి మార్పించుకున్నాను. సాల్‌కి ఇంకో జబ్బు, పచ్చిది కోసి వేస్తే పొడుగునా బీటలిస్తుంది. మావాటిలో మూడింటికి వచ్చాయి, సన్నవే. ఏటా వానలకి ముందు నూనె రాయిస్తున్నాను.

అమ్మకి దూలానికి ఉయ్యాల కట్టించుకోవాలని ఉండేది. ఊగే బరువు నేను లెక్కలో పెట్టలేదు కాబట్టి ఒప్పుకోలేదు, విడిగా ఇనప స్టాండు కొన్నాను. "అంత లావు దూలం వేయించి ఏం లాభం" అని ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.