పర్లాకిమిడి బజార్లో దొరికే తెలుగు అక్షర కార్డుల పెట్టె: కొనొచ్చు, కానీ వరస మార్చుకోవాలి

ఆంధ్ర సరిహద్దు పక్కన ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం స్టేషనరీ కొట్లలో అమ్ముతున్న ఈ పెట్టె ఒకటో తరగతికి పనికొస్తుంది. లోపల పెట్టిన కాగితం చెప్పినట్టు వాడితే మాత్రం దండగ.

ఆ కాగితం వరస పాతదే: 56 అక్షరాలు వల్లె వేయించు, తర్వాత గుణింతం, ఆ తర్వాత వత్తులు, అప్పుడుగాని మాట లేదు. కొత్తగా చేరిన టీచర్లు దాదాపు అందరూ ఇలాగే మొదలుపెడతారు. దసరా నాటికి పిల్లలు గడగడా అప్పజెబుతారు. ‘జ’ కార్డు ఒక్కటే తీసి చూపిస్తే మాత్రం ‘క, ఖ, గ, ఘ...’ అని మొదట్నుంచీ లెక్కపెట్టుకుంటూ వస్తారు. వచ్చింది పాటే గాని అక్షరం కాదని టీచరుకు తెలిసేది అక్కడే.

అందుకే పెట్టెలోంచి ముందు త, ల, మ, ప తీయండి. దీర్ఘం కలిస్తే తల, లత, మాల, తాత, మామ, పాప వచ్చేస్తాయి. పెట్టె లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. ఒక్కో అక్షరానికి ఒక్కటే కార్డు! రెండు ‘త’లు లేకుండా ‘తాత’ ఎలా పేరుస్తాం? రెండు పెట్టెలు కొనాలి, లేదా జిరాక్సు తీసి అట్టకు అంటించాలి.

ఇంకో పెద్ద తప్పు, దీర్ఘాన్ని విడి కార్డుగా ఇవ్వడం. ‘త’ పక్కన అది పెడితే తలకట్టు అలాగే మిగులుతుంది. అసలు ‘తా’లో తలకట్టు ఉండదు. ‘కొ’కీ ‘మొ’కీ గుర్తు ఒకేలా ఉండదన్నది కూడా విడి కార్డుల్లో కనబడదు. తా, లా, మా, పా పూర్తి రూపాలు చార్టు ముక్కల మీద మీరే రాసుకోండి.

మన సరిహద్దు బడులకు మాత్రమే ఉన్న చిక్కు ఒకటుంది. ఒడియా కూడా నేర్చుకునే పిల్లలకు సున్నా చిక్కు పెడుతుంది, ఎందుకంటే ఒడియా ‘ఠ’ కూడా గుండ్రటి సున్నాయే. ‘పంట’లో సున్నాని ‘ఠ’ అని చదివితే అశ్రద్ధ అనుకోకండి. అలాగే ఎ-ఏ, ఒ-ఓ తేడా ఒడియాలో లేదు. ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు డిక్టేషన్లో ‘మెడ’కు ‘మేడ’ రాస్తే ఎర్ర సిరా పని చేయదు. బోర్డు మీద రెండు బొమ్మలు గీసి, మాట వినిపించి, అది ఏ బొమ్మో వేలు పెట్టి చూపమనాలి. చెవి కుదిరాకే రాత. దీనికి పనికొచ్చే కార్డు పెట్టెలో ఒక్కటీ లేదు.

వత్తుల కార్డులు బాగున్నాయి. అట్ట మందంగానే ఉంది, కానీ వానాకాలంలో మూలలు పొరలు విడిపోతాయి. టేపు వేయండి.

చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు చదవాలి అంది కదా అని కొందరు ఈ కార్డులనే గబగబా తిప్పుతూ గడియారం చూస్తున్నారు. ఆ లెక్క కథ చదివేటప్పటిది, అదీ అర్థం చేసుకుంటూ. పైగా ‘వెళ్ళిపోతున్నాడంటే’ కూడా మనకు ఒక మాటే! కార్డులు పక్కన పెట్టి నాలుగు వాక్యాలు చదివించి, ఎవరు వెళ్ళారు, ఎందుకు వెళ్ళారు అని అడగండి.