ప్రైవేట్ స్కూల్లో 25 శాతం ఫ్రీ సీటు: మూడేళ్ళు వాడాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, స్కూల్ పేరు అడగొద్దు, ఊరి పేరు కూడా రాయను. మా మేనకోడలు ఇంకా అక్కడే మూడో తరగతి చదువుతోంది, రేపు ఎవరో ఒకరు దీన్ని స్క్రీన్‌షాట్ తీసి కరస్పాండెంట్‌కి పంపితే ఇబ్బంది పడేది పాపే. కోస్తాలో ఒక మున్సిపాలిటీ అనుకోండి, చాలు.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేట్ స్కూళ్ళు ఒకటో తరగతి సీట్లలో 25 శాతం పేద పిల్లలకి ఫ్రీగా ఇవ్వాలి కదా, మేము 2023లో దానికి అప్లై చేసి లాటరీలో సీటు తెచ్చుకున్నాం. మిక్సీ కొంటే వారం తిరక్కుండా రివ్యూ రాసేస్తారు జనం, దీని గురించి మాత్రం వాడినవాళ్ళు రాసింది నాకు ఒక్కటీ దొరకలేదు, దొరికినవన్నీ ఆఖరు తేదీ ఎప్పుడు, ఏం కాగితాలు కావాలి అనేవే. అందుకే ఇది.

రేటింగ్ ముందే ఇచ్చేస్తా. లాటరీ వరకు 5కి 5. గేటు దాటాక 5కి 2.

మా బావ ఆటో నడుపుతాడు. చెల్లి ఇంట్లోనే బ్లౌజులు కుడుతుంది. వాళ్ళు బీసీ. ఆంధ్రాలో ఈ 25 శాతాన్ని మళ్ళీ పంచారు, అనాథలు, హెచ్ఐవీ బాధితుల పిల్లలు, దివ్యాంగులకి కలిపి 5, ఎస్సీలకి 10, ఎస్టీలకి 4, మిగిలిన 6 శాతంలో బీసీలు, మైనారిటీలు, ఓసీ పేదలు అందరూ సర్దుకోవాలి, దానికి ఆదాయం పల్లెల్లో ఏడాదికి 1,20,000, టౌన్లో 1,44,000 లోపు ఉండాలి. 40 మంది ఉన్న క్లాసులో 6 శాతం అంటే రెండు సీట్లు, మూడోది రాదు. బావకి ఈ లెక్క చెప్తే "రెండు సీట్లకి ఊరంతా పోటీయా, వదిలెయ్ బావా" అన్నాడు. నేనే మొండికేశా.

అప్లికేషన్ మాత్రం నిజంగా తేలిక, ఇది ఒప్పుకోవాలి. పాప బర్త్ సర్టిఫికెట్, చెల్లి ఆధార్, రైస్ కార్డు, అడ్రస్‌కి కరెంటు బిల్లు, అంతే. నెట్ సెంటర్ వాడు 50 తీసుకున్నాడు, సచివాలయంలో అయితే అది కూడా అవ్వదని తర్వాత తెలిసింది. ఒక్క చోట ఆగాం, వయసు దగ్గర. స్టేట్ సిలబస్ స్కూలైతే జూన్ 1 నాటికి ఐదేళ్ళు నిండాలి, సీబీఎస్‌ఈ అయితే ఏప్రిల్ 1 నాటికే నిండాలి. మా పాప మేలో పుట్టింది. సీబీఎస్‌ఈ స్కూళ్ళన్నీ అక్కడే ఎగిరిపోయాయి.

చెల్లికేమో మొదట్నుంచీ కాన్వెంట్ మీద ఆశ. ఇంటికి నాలుగు వీధుల అవతలే ఉంది, రోజూ ఆ పిల్లలు తెల్ల సాక్సులేసుకుని వెళ్తుంటే చూస్తూ ఉంటుంది. లిస్టులో ఆ స్కూల్ లేదు. "అన్నయ్యా, మళ్ళీ చూడు, స్పెల్లింగ్ తప్పు కొట్టావేమో" అంటుంది. స్పెల్లింగ్ కాదమ్మా, సుప్రీంకోర్టు. ఆ కాన్వెంట్ మైనారిటీ స్కూల్. 2012లో ఈ 25 శాతం చెల్లుతుందా లేదా అని ప్రైవేట్ స్కూళ్ళు వేసిన కేసులో ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు చెల్లుతుందన్నారు, కానీ ప్రభుత్వ సాయం తీసుకోని మైనారిటీ స్కూళ్ళకి వర్తించదన్నారు, 2014లో ఐదుగురు జడ్జిల బెంచ్ ఇంకో అడుగు వేసి సాయం తీసుకున్నా తీసుకోకపోయినా మైనారిటీ స్కూల్ అయితే ఈ చట్టమే వర్తించదు అని తేల్చేసింది. 2025 సెప్టెంబర్‌లో ఇద్దరు జడ్జిలు ఆ తీర్పు మీదే అనుమానం పడి పెద్ద బెంచ్ చూడాలన్నారు. వాళ్ళు తేల్చేసరికి మా పాప పదో తరగతికి వస్తుందేమో. మైనారిటీల హక్కు ముఖ్యమే, నేను కాదనను, కానీ మా ఊళ్ళో ఆ కాన్వెంట్లో చదివేవాళ్ళల్లో సగం మంది డాక్టర్ల పిల్లలు, షాపుల ఓనర్ల పిల్లలు, ఆటో డ్రైవర్ కూతురికి మాత్రం దారి లేదు అంటే ఎక్కడో ఏదో తేడా కొడుతోంది.

లాటరీ సంగతి. కిలోమీటర్ లోపు ఉన్నవాళ్ళకి ముందు ప్రాధాన్యం, ఆ తర్వాత దూరం వాళ్ళు. ఎమ్మెల్యే లెటర్ లేదు, డొనేషన్ లేదు, "ఫాదర్ ఏం చేస్తారు, మదర్ ఇంగ్లీష్ మాట్లాడతారా" లేదు. అసలు పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్ష పెట్టి చేర్చుకోవడం చట్టంలో 13వ సెక్షన్ ప్రకారం తప్పు, మొదటిసారి దొరికితే 25,000 వరకు ఫైన్, తర్వాత ప్రతిసారీ 50,000 వరకు. అయినా మా ఊళ్ళో ఎల్‌కేజీ ఇంటర్వ్యూలు జరుగుతూనే ఉన్నాయి, దానికి "ఇంటరాక్షన్" అని పేరు మార్చారంతే. అలాంటి చోట కంప్యూటర్ పేరు తీసి మెసేజ్ పంపింది. మా ఇంట్లో లంచం, సిఫార్సు లేకుండా వచ్చిన మొదటి వస్తువు ఇదే, నిజంగా. చెల్లి ఆ మెసేజ్ ఇప్పటికీ డిలీట్ చేయలేదు.

ఇక గేటు దాటుదాం.

కరస్పాండెంట్ మంచోడే, మర్యాదగా కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు. తర్వాత ఒక మాటన్నాడు, "ఎల్‌కేజీ, యూకేజీ ఎక్కడ చదివింది?" అంగన్‌వాడీలో అని చెప్పాం. ఆయన ఏమీ అనలేదు, పక్కనున్న మేడమ్ వైపు చూశాడు. ఆ చూపు ఏంటో జూన్ నెలాఖరుకి అర్థమైంది. క్లాసులో పిల్లలందరూ రెండేళ్ళు అదే స్కూల్లో చదివి వచ్చారు, కలిపి రాత రాసేస్తున్నారు, మావాళ్ళు ఇద్దరు ముగ్గురు ఏ బీ సీ డీ దగ్గర ఉన్నారు. ఇది స్కూల్ తప్పు కాదు. పార్లమెంటు చేసిన చట్టంలోనే స్పష్టంగా ఉంది, స్కూల్లో ప్రీ ప్రైమరీ ఉంటే 25 శాతం సీట్లు అక్కడినుంచే ఇవ్వాలని. మనదగ్గర ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టారు. రెండేళ్ళు లేటుగా రేసులోకి దింపి "పాప కొంచెం వీక్ అండీ" అని డైరీలో రాస్తే ఎలా? ఆ ఏడాదంతా చెల్లి రాత్రి పది దాకా కుట్టుమిషన్ ఆపి పాపతో కాపీ రైటింగ్ చేయించింది. చెల్లి చదివింది ఇంటర్. చదువుకోని తల్లి అయితే ఏం చేసేదో ఆలోచించండి. ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి, వీళ్ళని వేరే సెక్షన్లో కూర్చోబెట్టలేదు, అందరి మధ్యనే కూర్చోబెట్టారు. రూల్ కూడా అదే, కానీ పాటించారు.

ఇప్పుడు అసలు కథ, డబ్బు. ఆ స్కూల్లో ఒకటో తరగతి ఫీజు అప్పట్లో 28,000. చట్టం ఏమంటుందంటే ప్రభుత్వం తన బడిలో ఒక పిల్లకి ఎంత ఖర్చు పెడుతుందో అంతా, లేదా స్కూల్ ఫీజు, ఏది తక్కువైతే అది స్కూల్‌కి కట్టాలి. ఆంధ్రాలో 2023లో జీవో ఇచ్చి టౌన్లో 8,000, పల్లెల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100 అని ఖరారు చేశారు. సరే. కానీ ఆ డబ్బు ఎక్కడ్నుంచి రావాలి? పిల్లల్ని బడికి పంపే తల్లికి ప్రభుత్వం వేసే అమ్మ ఒడి డబ్బులోంచి తల్లే కట్టాలన్నారు! ఫ్రీ సీటుకి ఫీజు తల్లి కట్టడం ఏంటని నేను రెండుసార్లు చదువుకున్నా. "మనకిచ్చేది మనదగ్గరే తీసుకుని మనకే ఇచ్చామని చెప్తున్నారు" అన్నాడు బావ. నేనైతే ఇంత చక్కగా చెప్పలేను.

సరే అది కూడా పోనీ అనుకున్నాం. కానీ పడితే కదా. 2023 జూన్‌లో పడిన అమ్మ ఒడి అంతకుముందు ఏడాది బడికెళ్ళిన పిల్లలకి, మా పాప అప్పుడే చేరింది కాబట్టి మాకు రాదు. మా ఏడాది డబ్బు 2024లో రావాలి, ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది, పథకం పేరు తల్లికి వందనం అయింది, మొదటి విడత 2025 జూన్‌లో 13,000 పడింది, అదీ ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికి, అది నిజంగా మంచి మార్పు. కానీ ఈలోపు రెండేళ్ళు స్కూల్ వాళ్ళు ఎవర్ని అడగాలి? మమ్మల్నే అడిగారు. మొదట డైరీలో చీటీ, తర్వాత ఫోన్, తర్వాత ఒకరోజు ప్రేయర్ అయ్యాక పాపని ఆఫీస్ రూమ్ బయట నిలబెట్టారు. ఫీజు కట్టని పిల్లలతో పాటు నిలబడింది. పాప ఇంటికొచ్చి "మామయ్యా, మనది ఫ్రీ కదా?" అని అడిగింది. నేను ఆ సాయంత్రమే వెళ్ళి 8,000 కట్టేశా, రసీదు మీద "స్పెషల్ ఫీజు" అని రాశారు. గొడవ పడాల్సింది, పడలేదు. కరస్పాండెంట్ కూడా "సార్, టీచర్లకి జీతాలు నేనెక్కడ్నుంచి తేవాలి" అన్నాడు, అతని మాటలోనూ అబద్ధం లేదు. 28,000 సీటుకి 8,000 అని, అది కూడా ఎప్పుడొస్తుందో తెలీదని అంటే పిల్లని ఎవరు ప్రేమగా చూస్తారు?

దీనిపైన పుస్తకాలు, వర్క్‌బుక్కులు 4,600, రెండు జతల యూనిఫాం, టై, బెల్టు, బూట్లు కలిపి 3,100, ఆటో ఖర్చు బావ ఆటోనే కాబట్టి లేదు. కేంద్రం రూల్స్‌లో 25 శాతం కింద చేరిన పిల్లలకి పుస్తకాలు, యూనిఫాం కూడా ఫ్రీ అని ఉంది, అది అడిగితే నవ్వారు. ఎదురింటి పిల్లాడు మున్సిపల్ స్కూల్లో చదువుతాడు, వాడికి బ్యాగు, బూట్లు, మూడు జతల బట్టలు, పుస్తకాలు అన్నీ ప్రభుత్వం ఇచ్చిన కిట్‌లోనే వచ్చాయి, మధ్యాహ్నం అన్నం, గుడ్డు అక్కడే. అంటే ఫ్రీ సీటు వచ్చిన మాకే ఏడాదికి 15,000 పైన అయింది, రాని వాడికి దాదాపు సున్నా. ఈ లెక్క అప్లై చేసే ముందు ఎవరైనా చెప్పుంటే బాగుండేది.

అసలు ఈ బిల్లు 2009 జూలైలో రాజ్యసభలో, ఆగస్టు 4న లోక్‌సభలో పాసైంది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆంధ్రాలో ఈ సీట్లు పిల్లలకి అందింది హైకోర్టులో కేసు నడిచాక, 2022-23 నుంచి. మధ్యలో పన్నెండేళ్ళు. తెలంగాణలో అయితే ఇంకా చాలాకాలం దాని ఊసే లేదు. కర్ణాటక వాళ్ళు 2019 నుంచి దగ్గర్లో సర్కారు బడి ఉంటే ప్రైవేట్ స్కూల్ సీట్లివ్వక్కర్లేదని రూల్ మార్చేశారు, మహారాష్ట్ర 2024లో అదే చేయబోతే బాంబే హైకోర్టు కొట్టేసింది. పక్క పక్క రాష్ట్రాలు, ఒకటే చట్టం, పిల్ల ఎక్కడ పుట్టిందో దాన్నిబట్టి హక్కు. మన అసెంబ్లీల్లో ఇంగ్లీష్ మీడియమా తెలుగు మీడియమా అని గంటలు గంటలు కొట్టుకున్నారు, ఈ 8,000 ఏ నెలలో ఎవరు కడతారు అనేది మాత్రం ఎవరూ గట్టిగా అడిగినట్టు నేను వినలేదు.

అప్లై చేసేవాళ్ళకి నాకు తెలిసింది చెప్తా. కిలోమీటర్ లోపు స్కూళ్ళే చూసుకోండి, అడ్రస్ ప్రూఫ్ మీద ఇంటి నంబర్ సరిగా ఉందో లేదో మార్చి రాకముందే సరిచేయించుకోండి. ఏడాదికి ఒక 15,000 పక్కన పెట్టుకోండి, ఫ్రీ అన్న మాట నమ్మి చేతులు ఊపుకుంటూ వెళ్ళొద్దు. ఏది కట్టినా రసీదు అడగండి. సీటు 8వ తరగతి వరకే, 9, 10కి మళ్ళీ ఫుల్ ఫీజు. పాపకి ముందు ఏడాది ఇంట్లోనే అక్షరాలు, అంకెలు బాగా నేర్పించండి.

పాప ఇప్పుడు బాగానే చదువుతోంది, ఇంగ్లీష్‌లో నన్నే కరెక్ట్ చేస్తోంది. దాని తమ్ముడికి వచ్చే జూన్‌కి ఐదేళ్ళు నిండుతాయి. చెల్లి మళ్ళీ అప్లై చేద్దాం అంటోంది, బావ మున్సిపల్ స్కూలే బెటర్, అన్నం పెడతారు, బూట్లిస్తారు అంటున్నాడు. ఇద్దరూ నన్నడిగారు. కరెంటు బిల్లు మాత్రం తీసి పక్కన పెట్టుంచమన్నా.