ఆత్మరక్షణకు జూడో ఎంతవరకు: ఆరు నెలల తరగతుల తర్వాత

మా కాలనీ దగ్గరి జూడో తరగతిలో ఆరు నెలలు శిక్షణ పొందాక, ఈ విద్య వీధిలో ఎంతవరకు అక్కరకొస్తుందన్న ప్రశ్నకు నాకు తోచిన సమాధానం రాస్తున్నాను. అంతకుముందు వేరొకచోట రెండేళ్లు కరాటే నేర్చుకున్నాను. అక్కడ గాలిలోకి గుద్దులు విసరడం, 'కతా'లు (ముందే నిర్ణయించిన కదలికల వరుసలు) వల్లె వేయడమే తప్ప, ఎదురుతిరిగే మనిషితో తలపడిన రోజు ఒక్కటీ లేదు. లోపం కరాటేది కాదు, నేర్పిన తీరుది.

1882లో టోక్యోలో జూడోకు పునాది వేసిన జిగోరో కానో, ప్రమాదకరమైన పట్లను పక్కనపెట్టి, మిగిలినవాటిని ఎదుటివాడు పూర్తిగా ప్రతిఘటిస్తుండగా సాధన చేసే 'రందోరి'కి పెద్దపీట వేశారు. దాని విలువ నాకు మొదటి వారంలోనే తెలిసింది. నాకన్నా బాగా తక్కువ బరువున్న ఒక కాలేజీ అమ్మాయి నా కాలరూ, మోచేతి దగ్గరి బట్టా పట్టుకుని, నేను తోసిన తోపునే వాడుకుని, నన్ను నడుము మీదుగా తిప్పి మ్యాట్ మీద పడేసింది. గడ్డం ఛాతీకి ఆనించి, చేత్తో నేలను చరుస్తూ పడే 'ఉకెమి' మాత్రం నాకు బాత్‌రూమ్‌లో కాలుజారినప్పుడు పనికొచ్చింది!

అయితే ఇక్కడ గుద్దులను కాచుకోవడం నేర్పరు. కాళ్లు పట్టుకుని పడేయడాన్ని అంతర్జాతీయ పోటీల్లో 2010లో పరిమితం చేసి, 2013లో పూర్తిగా నిషేధించడంతో, పోటీలే లక్ష్యమైన మా తరగతిలో దాని ఊసే లేదు. పల్చటి టీషర్టు మీద పట్టు నిలవదు. ఇద్దరు మీదపడితే నేల మీద కుస్తీ ప్రాణాంతకం. కత్తి కనిపిస్తే పరుగెత్తమని మా శిక్షకులే చెబుతారు.