బోరాన్-11లో రెజొనెన్స్: క్షయంలో వెతకాలా, ఢీకొట్టి చూడాలా?
బరంపురంలో ఎమ్మెస్సీ చేస్తున్న మా పర్లాకిమిడి తమ్ముడు సెమినార్‌కి ఇదే టాపిక్ తీసుకుని, ఏ ప్రయోగాన్ని నమ్మాలన్నా అని ఒకటే గొడవ. బోరాన్-11 కేంద్రకంలోంచి ప్రోటాన్ ఊడిపోయే గడప 11.23 ఎంఈవీ (ఒక ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు), దానికి సుమారు 0.2 ఎంఈవీ పైన రెజొనెన్స్, అంటే కేంద్రకం కాసేపు నిలబడే ఎనర్జీ స్థాయి, ఉందా లేదా అన్నదే పేచీ.

ఒకటి, కెనడాలోని ట్రయంఫ్ అనే ల్యాబ్‌లో చేసింది, 2019లో అచ్చయింది. బెరీలియం-11ని గ్యాస్ చాంబర్‌లో ఆపుతారు, అర్ధాయుష్షు 13.8 సెకన్లు, బీటాని (ఎలక్ట్రాన్‌ని) వదిలి బోరాన్-11గా క్షయమవుతూ ఏ లక్షకో ఒకసారి ప్రోటాన్‌ని కూడా వదుల్తుంది, ఆ ప్రోటాన్ ఎనర్జీ 180 కేఈవీ (0.18 ఎంఈవీ) దగ్గరే, మామూలు సిలికాన్ డిటెక్టర్‌లో అయితే బీటాల రొదలో కలిసిపోద్ది, గ్యాస్‌లో మాత్రం పొట్టి గీతలా విడిగా కనపడుద్ది. చూడ్డానికి బాగుంది గానీ దొరికే ప్రోటాన్లు బాగా తక్కువ, తర్వాత ఇంకో జట్టు వేరే పద్ధతిలో చూసి ప్రోటాన్లు వదిలే రేటు అంత లేదు పొమ్మంది.

రెండోది మిషిగన్ స్టేట్‌లో, 2022. బెరీలియం-10 బీమ్‌ని ప్రోటాన్ల మీదకి వదిలి స్కాటరింగ్, అంటే ఢీకొని ఎలా చెదురుతున్నాయో, చూడటం. ఎనర్జీ మారుస్తూ ఎంత చెదిరిందో గీస్తే, రెజొనెన్స్ ఉంటే కర్వ్ అక్కడ వంకర తిరగాలి, తిరిగింది, 11.4 ఎంఈవీ దగ్గర. అదే ఏడాది ఫ్లోరిడా స్టేట్ వాళ్లకి డ్యూటెరాన్ (ప్రోటాన్, న్యూట్రాన్ జంట) రియాక్షన్‌లోనూ దొరికింది.

ఉందా లేదా అంటే నా ఓటు రెండోదానికే తమ్ముడూ, కాకపోతే క్షయం రేటు ఎంతో అది చెప్పలేదు, దానికి మళ్లీ మొదటిదాని దగ్గరికే పోవాలి.